ఆపన్నులయెడ సమదృష్టి

హైదరాబాదు నగరములో మూసీనది చెంత, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమునందు ఒక పెద్ద చింతచెట్టు కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీకి కనివిని యెఱుగని వరద వచ్చెను. కుంభవృష్టికి ఎగువనున్న చెఱువులు ఒకదానివెంట నొకటి తెగి, ఆ నీరంతయు నదిలో పడెను. అఫ్జల్‌గంజు ప్రాంతము సముద్రమువలె మాఱెను. కట్టుబట్టలతో పరుగెత్తినవారిలో ఇంచుమించు 150 మంది ఈ చింతచెట్టు నెక్కి, కొమ్మలు పట్టుకొని, వరద తీయువఱకు ప్రాణములు నిలుపుకొనిరి. ఎక్కినవాడు హిందువా, ముసల్మానా, అతనిది ఏ కులము, ఏ భాష యని ఆ చెట్టు అడుగలేదు. చేయి అందినవానికి కొమ్మ దొరకెను.

ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. 19,000 ఇండ్లు కూలినవి. ఎనుబదివేలమంది నిలువనీడ లేనివారైరి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను నిరాశ్రయులకు తన భవనముల తలుపులు తెఱపించెను. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించెను. సరోజినీనాయుడు బాధితుల సేవకు పూనుకొని, అందులకు గుర్తింపుగా ఆంగ్లప్రభుత్వమునుండి కైసరిహింద్ పతకము పొందెను. 1919లో జలియన్‌వాలాబాగు దురంతము జరిగిన పిమ్మట ఆమె ఆ పతకమును తిరిగి యిచ్చివేసెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో హైదరాబాదునకు వచ్చి వరద నివారణమార్గములు సూచించెను. వాని ఫలముగా 1920లో ఉస్మానుసాగరును, 1927లో హిమాయతుసాగరును ఏర్పడినవి.

ప్రకృతి యొక్క దెబ్బ అందఱకును ఒక్కటే యని పెద్దలు చెప్పుదురు. ఇది సగము మాత్రమే సత్యము. మూసీ ఎవనిని ఎంచి ముంచలేదు; కాని నది యొడ్డున మట్టిగోడల యిండ్లలో నివసించినవారు ముందుగా మునిగిరి, మిట్టమీద రాతిమేడలలో ఉన్నవారు మిగిలిరి. కావున ఏ ఉపద్రవమునందైనను రెండు ప్రశ్నలు వేయవలసియున్నది. ప్రమాదస్థలమున నివసింపవలసినవా రెవరు? ప్రమాదము వచ్చినపుడు చేయూత ముందుగా అందినది ఎవరికి? ఈ రెండింటికిని సమాధానము చెప్పునది ప్రకృతి కాదు. మనుష్యులే.

మూసీవరద సికింద్రాబాదును ముట్టలేదు. అది హుస్సేనుసాగరమునకు ఉత్తరముగా నదికి దూరమున ఉన్నది. 1806లో నిజాము సికిందర్ జా పేరు పెట్టబడిన ఈ పట్టణము ఆంగ్లసైన్యపు దండుగా పుట్టినది. అందుచేతనే జనులు నేటికిని దానిని లష్కరు అందురు. ఆషాఢమాసమున ఉజ్జయిని మహాకాళికి జరుగు లష్కరు బోనములు దేశప్రసిద్ధములు. ఆ యాలయమును గూర్చి ఒక కథ పరంపరగా వచ్చుచున్నది. సూరిటి అప్పయ్య యను డోలీమోయువాడు సైన్యముతో ఉజ్జయినికి పోయియుండెను. 1813లో ఇచ్చట గత్తర వ్యాపించి జనులు కుప్పలుగా చనిపోవుచున్నారని అతడు వినెను. తనవారు బ్రతికినచో అమ్మవారిని తమ ఊరిలో ప్రతిష్ఠింతునని అతడు ఉజ్జయిని మహాకాళికి మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి ఆ మ్రొక్కు చెల్లించెను. గత్తర వచ్చిన దినములలో డోలీమోయువాని కుటుంబమునకు దిక్కు ఆ మ్రొక్కు ఒక్కటే.

అదే దండులో తెల్ల సైనికులు కూడ రోగములపాలగుచుండిరి. వారి విషయమున జరిగిన ఏర్పాటు వేఱు. భారతదేశములోని సైన్యారోగ్యమును పరిశీలించుటకు 1859లో ఆంగ్లప్రభుత్వము ఒక రాజసంఘమును నియమించెను. ఐరోపా సైనికులలో ఏటేట వేయింటికి 69 మంది చనిపోవుచున్నారని ఆ సంఘము 1863లో ప్రకటించెను. సేవాపరాయణురాలు ఫ్లారెన్సు నైటింగేలు ఈ విచారణలో మిక్కిలి కృషి చేసెను. మంచినీరు, గాలివెలుతురుగల బారకులు, మురుగుపాఱుదల మున్నగువానికై ధనము వెచ్చింపబడెను. సికింద్రాబాదు దండులో తిరుమలగిరియొద్ద ఐరోపా సైనికులకు క్రొత్త బారకులు లేచినవి. స్వదేశీ సిపాయిల బస వేఱు, బజారు వేఱు. తెల్లవారి నివాసము నల్లవారి నివాసమునకు దూరముగా ఉండుటయే ఆరోగ్యసూత్రమని ఆ కాలపు అధికారులు తలంచిరి.

సైనికుని ప్రాణము నిలుపుటలో తప్పు లేదు, అదియు ప్రాణమే. ఆ ప్రభుత్వమునకు ప్రాణముల లెక్క వ్రాయుటయు, కారణము వెదకుటయు, ధనము వెచ్చించి నివారించుటయు తెలియునని దీనివలన స్పష్టమగుచున్నది. అట్టి ప్రభుత్వము మఱి పదుమూడేండ్లకు పొరుగుననే యున్న తెలుగుజిల్లాలకు క్షామము వచ్చినపుడు ఎట్లు ప్రవర్తించెనో చూడవలసియున్నది.

1876లో వానలు పడలేదు. పసిఫిక్ మహాసముద్రపు జలములు అసాధారణముగా వేడెక్కుటవలన ఆ వత్సరములలో భూగోళమునందు అనేకదేశములలో ఋతుక్రమము తప్పినదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అది తెలుగు లెక్కలో ధాత సంవత్సరము, మఱుసటిది ఈశ్వర. ఈ రెండేండ్లును కఱవు నిలిచెను. మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు మిక్కిలి బాధపడినవి. జొన్నచేలు ఎండిపోయెను, పశువులు చచ్చెను, జనులు పిల్లలను చంకనెత్తుకొని బాటలు పట్టిరి.

ఆ సమయముననే, 1877 జనవరి 1వ తేదీన, విక్టోరియారాణి భారత చక్రవర్తినియైనట్లు ప్రకటించుటకు రాజప్రతినిధి లిట్టను ప్రభువు ఢిల్లీలో మహావైభవముగా దర్బారు జరిపెను. రాజధానిలో కఱవు ప్రబలియుండగా మద్రాసు గవర్నరుకూడ ఆ యుత్సవమునకు పోవలసి వచ్చెను. ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపులు కఱవుప్రాంతములకు ప్రత్యేకాధికారిగా పంపబడెను. వ్యయము తగ్గింపుమని అతనికి ఆజ్ఞ.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఈ టెంపులే 1874లో బీహారు, వంగదేశముల కఱవునందు బర్మానుండి బియ్యము తెప్పించి జనులను కాపాడెను. ఆకలిచావులు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే జరిగినవి. అందులకు అతనికి దక్కినది ప్రశంస కాదు. ఇంత దుబారా ఏల యని ఇంగ్లండులోని పత్రికలును, పై యధికారులును అతనిని నిందించిరి. ఆ నింద మాపుకొనవలెనని కాబోలు, మూడేండ్లకు దక్షిణదేశమునకు వచ్చినపుడు అతడు కఠినుడయ్యెను. కఱవుపనులలో రాళ్లు కొట్టు, మట్టి మోయు పురుషునకు దినమునకు ఒక్క పౌను ధాన్యమును, దానిపై కొద్దిపాటి డబ్బును చాలునని నిర్ణయించెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. అంతకుముందు మద్రాసు ప్రభుత్వము ఇచ్చుచుండినది పౌనున్నర. అదే కాలమున దండులోని ఐరోపా సైనికునకు దినబత్తెముగా రొట్టె, మాంసము, కూరగాయలు, తేయాకు, చక్కెర దొరకుచుండెను.

ఈ కొలతను ఎదిరించినవాడు ఒక ఆంగ్లేయుడే. మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారియగు డాక్టరు కార్నిషు, ఇంత స్వల్పాహారముతో కష్టపడి పనిచేయువాడు క్రమముగా కృశించి చనిపోవునని లెక్కలతో నిరూపింపబూనెను. చెఱసాలలోని ఖైదీలకు దొరకు తిండికూడ కఱవుకూలికి దొరకుట లేదని అతడు వాదించెను. బొంబాయి రాజధానిలో ఇట్టి కూలినే నిరాకరించి వేలకొలది జనులు శాంతముగా పనులు మానివేసిరి; పూనా సార్వజనికసభ వారి పక్షమున నిలిచెను. తుదకు 1877లో మద్రాసునందు కొలత కొంత పెంచి, పప్పు చేర్చిరి. అప్పటికే ఆలస్యమైపోయెను. ధాన్యపు ఎగుమతి ఆగలేదు. ధరల విషయమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని లిట్టను పట్టుపట్టెను. ఆంగ్లపాలిత ప్రాంతములలో ఏబదిలక్షలకు పైగా జనులు ఈ కఱవువలన మరణించిరని క్షామవిచారణ సంఘమే అంగీకరించెను. 1871వ సంవత్సరపు జనాభాతో పోల్చగా 1881లో కర్నూలు మండలపు జనాభా ఇంచుమించు నాల్గవవంతు తగ్గియుండెను.

తెల్లవానికి ఇంత, నల్లవానికి ఇంత యని ఏ చట్టమునందును వ్రాసియుండలేదు. వర్తకమున జోక్యము కూడదను సిద్ధాంతము, బొక్కసముపై మమకారము కూడ ఈ క్రౌర్యమునకు కారణములే. ఆ సిద్ధాంతము వలననే అంతకు ముప్పదియేండ్ల క్రిందట తెల్లవారేయైన ఐర్లండు ప్రజలును ఆకలికి బలియైరి. అయినను ఒక మాట మిగులుచున్నది. ఒక పౌనుతో మనుష్యుడు బ్రతుకునా యను పరీక్షను పాలకులు తమ బిడ్డలపై చేసియుండరు. ఏలబడువాడు వేఱుజాతివాడు, తక్కువతో సరిపెట్టుకొనగలవాడు అను తలంపు ఆ కొలత వెనుక దాగియున్నది. అయితే ఒక జాతివారినందఱను ఒకే గాటను కట్టుటయు అన్యాయమే. కార్నిషు ఎదిరించెను, మద్రాసు పత్రికాసంపాదకుడు విలియం డిగ్బీ సహాయసంఘమునకు కార్యదర్శియై పనిచేసి, ఈ కఱవు చరిత్రను రెండు సంపుటములుగా లోకమునకు తెలిపెను, ఇంగ్లండులోని సామాన్యజనులు చందాలుగా లక్షలకొలది పౌనుల ద్రవ్యము పంపిరి.

ఈ దోషము ఒక్క దేశమునకు చెందినది కాదు. అమెరికాలో 1927 ఏప్రిలునందు మిసిసిపీ నదికి మహావరద వచ్చి కట్టలు తెగెను. గ్రీన్‌విల్ అను పట్టణమున తెల్లజాతి స్త్రీలను, పిల్లలను పడవలపై సురక్షితస్థలములకు చేర్చిరి. సుమారు 13,000 మంది నీగ్రోజాతివారిని మాత్రము నదికట్టమీదనే వారములతరబడి ఉంచిరి. వారు ఒకసారి ఊరు విడిచినచో పత్తితోటలకు కూలీలు తిరిగి రారని తోటల యజమానులు భయపడిరి. వారిచేత బలవంతముగా బస్తాలు మోయించిరి. ఆ యవమానమును మఱువజాలక అనేకులు పిమ్మట ఉత్తరరాష్ట్రములకు తరలిపోయిరి. అదే దేశమున 2005 ఆగస్టు 29వ తేదీన కత్రినా యను తుపాను న్యూ ఆర్లియన్సు నగరమును ముంచెను. ఊరు విడువుడని ముందే ఆజ్ఞ వెలువడెను. కాని మోటారుకారు ఉన్నవారు పోయిరి, లేనివారు చిక్కుకొనిరి. చిక్కుకొన్నవారిలో అధికులు నల్లజాతి పేదలు. వేయిమందికి పైగా మరణించిరి.

పరులను తప్పుపట్టునపుడు మన యింటివైపుకూడ చూచుకొనవలెను. వారి దేశమున వర్ణము చేసిన పని మన దేశమున కులము చేయుచున్నది. 1977 నవంబరు 19వ తేదీన కృష్ణానది సముద్రమున కలియుచోట దివిసీమపై ఉప్పెన విరుచుకుపడెను. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము ఊళ్లమీదికి వచ్చెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయిరి. వారిలో పెక్కుమంది పల్లపుభూములలో తాటాకు గుడిసెలలో నివసించిన కూలీలు, బెస్తలు. మిద్దె యెక్కగలిగినవారు పలువురు బ్రతికిరి. ఊరికి వెలుపల, పల్లమున గుడిసె వేసికొన్నది వారి యిష్టమువలన కాదు. తరతరములుగా ఊరు వారికి చూపినచోటు అది.

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ తమిళనాడు తీరమును ధ్వంసము చేసెను. ఆ దేశపు దళితులకు సహాయము ఆలస్యముగా, తక్కువగా అందినదని, కొన్నిచోట్ల శిబిరములలో వారిని వేఱుగా ఉంచిరని పరిశీలకులు వ్రాసిరి. నాగపట్టణమున శవములను తొలగించు పనికి వచ్చినవారిలో అధికులు దళితులైన పారిశుధ్య కార్మికులే. పడవ పోయినవానికి నష్టపరిహారము వ్రాయుట తేలిక. పడవ మోసి కూలి తెచ్చుకొనువాడు తన నష్టమును ఏ కాగితముతో చూపగలడు? పట్టా లేనివాని యిల్లు కూలినను లెక్కకు రాదు. జాబితా వ్రాయువానికి పక్షపాతము లేకపోయినను, ఆస్తిని మాత్రమే లెక్కించు జాబితా ఏమియు లేనివానిని మఱచిపోవును.

ఇట్టి దోషములు సరిదిద్దరానివి కావు. 1990 మే నెలలో దివిసీమ తీరమునకే అంతటి తీవ్రమైన తుపాను వచ్చెను. ఈసారి హెచ్చరికలు ముందుగా అందినవి. లక్షలకొలది జనులను మిట్టప్రాంతములకు తరలించిరి. తుపాను ఆశ్రయభవనములు నిలిచియుండెను. మృతులసంఖ్య వేయికి లోపుననే ఆగెను. గాలి మాఱలేదు, సముద్రము మాఱలేదు. మనుష్యుల ఏర్పాటు మాఱెను.

ధర్మమును శాసనముగా వ్రాయుటయు జరిగినది. 1965లో వియన్నా నగరమున అంతర్జాతీయ రెడ్‌క్రాసు తన మూలసూత్రములను ప్రకటించెను. జాతి, మతము, వర్గము, రాజకీయాభిప్రాయము చూడక, ఎవని అవసరము ఎక్కువయో వానికి ముందుగా సాయపడవలెననునది అందొకటి. మన దేశమున 2005వ సంవత్సరపు విపత్తుల నిర్వహణ చట్టములోని 61వ విభాగము, నష్టపరిహారము నిచ్చునపుడును సహాయము చేయునపుడును స్త్రీపురుష భేదము, కులము, సమాజము, వంశము, మతము అను కారణములచే ఎవరియెడను భేదము చూపరాదని నిషేధించుచున్నది. కఱవుకూలికి ఒక పౌను చాలునన్న ప్రభుత్వమునకును, ఈ చట్టమునకును నడుమ నూటయిరువది యెనిమిదేండ్ల దూరము కలదు.

అయినను చట్టము తనంతట నడువదు. దానిని నడుపవలసినవారు మనుష్యులు. నేడును సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరములలో పెద్దవాన కురిసినపుడు నాలాల ప్రక్కనున్న బస్తీలు ముందుగా మునుగుచున్నవి. 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన ఒక్కదినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసెను. 2020 అక్టోబరులోను అట్టి యాపద వచ్చెను. అట్టి దినములలో బస్తీ యిండ్లలోనికి నీరు చొచ్చును. మఱునాడు సహాయపు జాబితా వ్రాయుటకు ఎవరో ఒకరు వత్తురు. ఆ కలము పట్టువాడు ఒకనాడు ఎనిమిదవ తరగతి విద్యార్థియే. అతడు గుమ్మమున నిలిచి మొదట ఏమి యడుగును? నీ కులమేమి, నీ మతమేమి, నీ కాగితములేవి యని యడుగునా? మీ యింట ఎందఱున్నారు, ఎన్నిపూటలనుండి పస్తున్నారు అని యడుగునా? ఆ ప్రశ్ననుబట్టియే ఒక సమాజపు నాగరకతను కొలువవచ్చును.

చదువులేని చింతచెట్టు ఆనాడు ఏ ప్రశ్నయు వేయలేదు. చదువుకొన్నవారు తగిన ప్రశ్న వేయుట నేర్చుకొనవలెను.

ప్రశ్నలు

1. మూసీవరద ఎవరిని ఎక్కువగా బాధించినది? కారణమేమి?
2. సికింద్రాబాదు దండులో ఐరోపా సైనికుల ఆరోగ్యమునకై జరిగిన ఏర్పాట్లు ఎట్టివి?
3. రిచర్డు టెంపులు 1874లోను, 1877లోను నడచుకొన్న తీరులను పోల్చి వ్రాయుడు. ఆ మార్పునకు కారణమేమి?
4. 1977, 1990 సంవత్సరముల తుపానులలో మృతులసంఖ్య భేదించుటకు కారణములేవి?
5. మీ గ్రామమునకు లేక వీధికి వరద వచ్చినచో సహాయపు జాబితాలో ఏయే వివరములు వ్రాయవలెనో, ఎవరి పేరు మఱవబడు ప్రమాదము కలదో పది వాక్యములలో వ్రాయుడు.